ముక్కు పరుగెత్తుతుందా?



ఇంగ్లీషులో 'రన్' అంటే ఏమిటని అడిగితే, మూడో తరగతి పిల్లవాడు కూడా "పరుగెత్తడం" అని తడుముకోకుండా చెబుతాడు. అది తప్పు కాదు. కాని ఆ ఒక్క అర్థాన్నే పట్టుకుని కూర్చుంటే, "మై నోస్ ఈజ్ రన్నింగ్" అన్న వాక్యానికి "నా ముక్కు పరుగెత్తుతున్నది" అని రాయవలసి వస్తుంది! జలుబు చేసినవాడు తన ముక్కును తానే తరిమి పట్టుకోవాలి కాబోలు!

మరి ఏం చెయ్యాలి? 'రన్' కనబడగానే, "ఎవరు? ఏది?" అని ప్రశ్న వేసుకోండి. ముక్కు అయితే కారుతుంది. వానలు పడినప్పుడు మదనపల్లె బాహుదా నది అయితే పారుతుంది. మదనపల్లె నుంచి పుంగనూరుకు బస్సు అయితే నడుస్తుంది. రోడ్డుకు కూడా 'రన్' వాడతారు. రోడ్డు కదలదు కదా! పుంగనూరు, పలమనేరు దాటి కుప్పం దాకా సాగిపోతుందని అర్థం. ఉతికిన చొక్కా రంగు అయితే దిగుతుంది. హోటలును యజమాని 'రన్' చేస్తే, నడుపుతున్నాడన్నమాట. ఇంట్లో చక్కెర 'రన్ అవుట్' అయితే, క్రికెట్ ఆట కాదు, చక్కెర నిండుకున్నది!

ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు పండితులు లెక్క వేస్తే, ఈ ఒక్క క్రియకు 645 అర్థాలు తేలాయి.

"అబ్బో, ఇంగ్లీషు ఎంత కష్టం!" అని బెదరకండి. మన తెలుగు మాత్రం తక్కువ తిన్నదా? బస్సుకు కాళ్లు లేకపోయినా "నడుస్తున్నది" అంటాం. బడి నడుస్తుంది, కోర్టులో వ్యాజ్యం నడుస్తుంది, చెల్లని నాణెం నడవదు. తెలుగు, తమిళం, కన్నడం కలిసే చోటు కుప్పం. 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం వెలసినది అక్కడే. అక్కడ తమిళం మాట్లాడేవారు బస్సు "ఓడుతుంది" అంటే, ఏదో పందెంలో ఓడిందనుకోకండి! తమిళంలో 'ఓడు' అంటే పరుగెత్తు. ఒకే బస్సు మన నోట నడుస్తుంది, వారి నోట పరుగెత్తుతుంది. చేరే ఊరు మాత్రం ఒకటే.

కనుక మాటకు అర్థం ఒంటరిగా ఉండదు; పక్కనున్న మాటలతో కలిసి వస్తుంది. తల్లిదండ్రులకు కూడా ఒక మనవి: ఒక్కొక్క మాటకు ఒక్కొక్క అర్థం చొప్పున పిల్లలచేత వల్లె వేయించకండి. మాటను వాక్యంతో సహా నేర్పండి. అప్పుడు పరీక్షలో కొత్త వాక్యం వచ్చినా పిల్లలు తడబడరు.

ఇక మీ వంతు. 'టేక్' అంటే 'తీసుకొను' అని మీకు తెలుసు. టీ, బస్సు, ఫోటో, కాలం — ఈ నాలుగింటితోనూ ఇంగ్లీషువారు 'టేక్' వాడతారు. 'తీసుకొను' అనే మాట రాకుండా, నాలుగింటికీ చక్కని తెలుగు వాక్యాలు రాయండి. జవాబులు వచ్చే నెల చూసుకుందాం.