బేరింగులు మార్చే ముందు దాదాని అడగండి

పోయిన నెల అసర్ నమాజ్ అయ్యాక మా అబ్బాయి స్కేట్‌బోర్డు పట్టుకొచ్చాడు. "అబ్బా, బేరింగులు ఖరాబ్ అయిపోయాయి, ఆన్‌లైన్లో కొత్త సెట్ ఆర్డర్ పెట్టండి" అన్నాడు. బోర్డు కొని పది రోజులు కాలేదు. చక్రం వేలితో తిప్పి చూపించాడు. మూడు నాలుగు చుట్లు తిరిగి ఆగిపోయింది. వీడియోల్లో అయితే నిమిషం పైన తిరుగుతుందట.

మంచం మీద కూర్చున్న వాడి దాదా చెయ్యి చాపారు. రాజమండ్రిలో నలభై ఏళ్లు సైకిల్ షాపు నడిపిన చెయ్యి అది. చక్రాన్ని ఒకసారి తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని విన్నారు. "ఖరాబ్ కాలేదు బేటా, గ్రీజు కొత్తది. కొన్నాళ్లు నలగనీ. సబర్ చెయ్" అన్నారు.

ఆయన చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. కొత్త బేరింగులో కంపెనీ పెట్టిన చిక్కటి గ్రీజు ఉంటుంది. మనిషి బరువు పడి, పది పదిహేను సార్లు తొక్కితే అది గుండ్ల చుట్టూ సర్దుకుంటుంది, బోర్డు తేలికవుతుంది. వేలితో తిప్పి చూడటం అసలు పరీక్షే కాదు. చాలామంది తొందరపడి ఆ గ్రీజంతా మొదటి రోజే కడిగేస్తారు. బేరింగుకి ఉన్న హిఫాజత్ అదేనని వాళ్లకి తెలియదు.

స్కేట్‌బోర్డుకైనా, కాలికి కట్టే స్కేట్లకైనా మామూలుగా వాడేది 608 రకం. లోపలి రంధ్రం 8 మిల్లీమీటర్లు, బయటి కొలత 22, మందం 7. లోపల సాధారణంగా ఏడు గుండ్లు. చక్రానికి రెండు చొప్పున బోర్డుకి ఎనిమిది. డబ్బా మీద ఏబెక్ 7, ఏబెక్ 9 అని చూసి, పెద్ద నంబరైతే పెద్ద స్పీడని పిల్లలు మోసపోతారు. అది కొలతల ఖచ్చితత్వానికి ఇచ్చే నంబరు మాత్రమే. ఉక్కు ఎలాంటిదో, గ్రీజు ఎలాంటిదో అది చెప్పదు.

అసలు ముసీబత్ వానాకాలంలో వచ్చింది. గోదావరి గట్టు మీద తడి ఇసుకలో తొక్కి వచ్చాడు. రెండో రోజుకి చక్రాలు గరగరమన్నాయి. వాడేమో తుప్పు వదిలించే స్ప్రే కొట్టాడు. ఒక పూట బాగానే తిరిగాయి, తర్వాత మళ్లీ అదే మోత. ఆ స్ప్రే ఉన్న గ్రీజుని కూడా కరిగించి పోతుంది, ఇసుక మాత్రం లోపలే ఉంటుంది. మా అమ్మీ కొబ్బరినూనె వెయ్యమంది. అది జిగురెక్కి దుమ్ము పడుతుంది, మన దగ్గర పుష్యమాసపు చలికే పేరుకుంటుంది.

దాదా మనవణ్ని కింద కూర్చోబెట్టారు. నట్టు విప్పి, ఇరుసు చివరకి తగిలించి బేరింగు ఊడదీయడం, గుండుసూదితో రబ్బరు మూత లేపడం, గాజుసీసాలో కిరోసిన్ పోసి, అందులో వేసి కుదపడం, మురికి కిరోసిన్ పారబోసి మళ్లీ పొయ్యడం నేర్పారు. పొయ్యి దరిదాపుల్లో వద్దన్నారు. నీళ్లు అసలే వద్దన్నారు. గుడ్డతో తుడిచి, ఫ్యాను కింద పూర్తిగా ఆరనిచ్చి, ఒక్కోదానికి రెండు చుక్కలు కుట్టుమిషను నూనె. ఎక్కువైతే దుమ్ముని దావత్‌కి పిలిచినట్టే. మూత బయటివైపుకి పెట్టి, నట్టు బిగించి, చక్రం కొంచెం ఆడేలా పిసరంత వదులు చెయ్యాలి. ఇంత చేసినా గుండ్లు గరుకుగా తగిలినా, తుప్పు గుంటలు పడినా అప్పుడు మార్చాలి. ఎనిమిదింటిలో ఏడు బాగున్నాయి. ఒక్కటే పోయింది.

సైకిల్ హబ్బులకి ఆయన చేసిన ఓవరాయిలింగే ఇది. ఇరవై రూపాయల నూనెతో అయ్యే పనికి వెయ్యి రూపాయల సెట్ కొనడం ఫజూల్ ఖర్చు. కానీ నా బాధ డబ్బు గురించి కాదు.

కాలేజీలో నన్ను "మీ నాన్నగారు ఏం చేస్తారు?" అని అడిగితే "స్పేర్ పార్టుల బిజినెస్" అనేవాణ్ని. రిష్తా మాటల్లోనూ అదే చెప్పాను. మిస్త్రీ అనడానికి షరం. ఆయన పక్కనే కూర్చుని విన్నారు, ఒక్క మాట అనలేదు. మన ఖాందాన్లలో ఎంతమంది ఇలాగే దాచుకున్నామో లెక్కపెట్టండి. వెల్డింగు, పంక్చర్లు, మోటారు వైండింగు, దర్జీ పని. ఆ హలాల్ కమాయీతోనే మనం చదువుకున్నాం. ఇప్పుడు పిల్లలకి ఆ హునర్ రాకపోతే పరవాలేదనుకుంటున్నాం, పైగా అదే తరక్కీ అంటున్నాం.

పిల్లలందరూ మిస్త్రీలు కావాలని నేననడం లేదు. డాక్టర్లవ్వనీ, ఇంజనీర్లవ్వనీ. కానీ పాడైన వస్తువుని విప్పి చూసే ధైర్యం, చేతికి నూనె అంటినా చిన్నతనం అనుకోని మనసు తరబియత్‌లో భాగం. మా చిన్నప్పుడు షాపులో పడేసిన మూడు పాత బేరింగులు, ఒక చెక్క ఉంటే బండి తయారయ్యేది. దాన్ని తోసుకుంటూ పేటంతా తిరిగేవాళ్లం. అది విరిగితే బాగుచేయడమూ ఆటలో భాగమే.

మొన్న ఆదివారం మా వాడి దోస్తులు ఇద్దరు స్కేట్లు తెచ్చారు. గుమ్మం దగ్గరే మా వాడు గట్టిగా చెప్పడం విన్నాను: "మా దాదా సైకిల్ మిస్త్రీ. ఆయన చూస్తారు."

నేను ఇన్నేళ్లలో చెప్పలేకపోయిన మాట అది. లోపల అబ్బాజాన్ అప్పటికే కళ్లజోడు వెతుక్కుంటున్నారు. మీ ఇంట్లోనూ అలాంటి చెయ్యి ఉంటే, అది వణకడం మొదలుపెట్టకముందే పిల్లల్ని పక్కన కూర్చోబెట్టండి.