పద్దెనిమిది నిండితే యతీమ్ కాడట



“బాలిగ్ అయినోడు యతీమ్ కాడు మియా, ఇంక వాడికి మన జకాత్ ఎందుకు?” ఈ మాట మా వనస్థలిపురంలో ఏటా రమ్జాన్‌లో వింటుంటాను. అనేవాళ్లు చెడ్డవాళ్లేం కాదు. యతీమ్‌ఖానాకు బియ్యం బస్తాలు పంపేవాళ్లే, ఈద్‌కు పిల్లలకు బట్టలు కుట్టించేవాళ్లే. కానీ అదే పిల్లాడికి మీసం వచ్చి, సంచి పట్టుకుని హోమ్ గేటు బయట నిలబడ్డ రోజున వాళ్ల చెయ్యి జేబులోంచి బయటికి రాదు. పైగా దానికి దీన్‌ను అడ్డం పెట్టుకుంటారు. నా గుస్సా అంతా దాని మీదే.

అమ్మానాన్నలు లేక యతీమ్‌ఖానాల్లో, సర్కారీ హోముల్లో పెరిగే పిల్లలున్నారు. ఏదో కేసులో పడి, మనకు దగ్గర్లోని సైదాబాద్ జువెనైల్ హోమ్‌కు వెళ్లొచ్చిన పిల్లలున్నారు. మొదటివాళ్లకు 18 నిండగానే తల మీద కప్పు పోతుంది. రెండోవాళ్లలో కొందరికి కేసు ముగిసినా తిరిగి వెళ్లడానికి ఇల్లుండదు. 18 అంటే ఎప్పుడు? ఇంటర్ రెండో ఏడాది, లేదా డిగ్రీలో అడుగుపెట్టిన కొత్త. మన ఇళ్లలో ఆ వయసు పిల్లాడు తన బనియన్ తాను ఉతుక్కుంటే అమ్మ నలుగురికీ చెప్పుకుని మురిసిపోతుంది.

సర్కారు ఏం చేస్తోంది అంటారా? 2015 జువెనైల్ జస్టిస్ చట్టంలో 46వ సెక్షన్ ఉంది. హోమ్ వదిలే పిల్లలకు డబ్బు సాయం “ఇవ్వవచ్చు” అంటుంది. “ఇవ్వాలి” అనదు. ఆ ఒక్క మాటలోనే ఎంతమంది బతుకులు ఇరుక్కున్నాయో! 2022 నాటి మిషన్ వాత్సల్య గైడ్‌లైన్స్ నెలకు 4,000 రూపాయలు అన్నాయి, 21 ఏళ్ల వరకు, తప్పనిసరైతే 23 వరకు. వచ్చినా అంతే. దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో ఒక మంచం, రెండు పూటల తిండి అడిగి చూడండి, ఆ 4,000 ఎంత దూరం వస్తుందో తెలుస్తుంది. ఇంగ్లాండులో ఇలాంటి పిల్లలకు 25 ఏళ్ల దాకా సలహాదారు దొరికేలా 2017లో చట్టం చేశారు. ఇక్కడ హక్ కోసం కొట్లాడాల్సిందే, అది వేరే జంగ్. ఈరోజు మాట మన గురించి.

జకాత్ సంగతికి వస్తాను. సూరా తౌబాలో జకాత్ ఎవరికి చెల్లుతుందో ఎనిమిది పద్దులున్నాయి. ఫకీరులు, మిస్కీన్లు, అప్పుల్లో మునిగినవాళ్లు, ముసాఫిర్లు... లెక్క పెట్టుకోండి. వాటిలో “యతీమ్” అనే పద్దే లేదు! యతీమ్‌కు ఇన్నాళ్లూ మనం జకాత్ ఇచ్చింది వాడు పేదవాడు కాబట్టే. 18 నిండిన రాత్రి వాడి పేదరికం పోయిందా? రెట్టింపైంది. బాలిగ్ అయ్యాక యతీమ్ కాడన్న హదీసును జకాత్‌కు తాళంలా వాడటం ఎవరు నేర్పారు మనకు?

సూరా నిసాలో ఇంకా పెద్ద మాట ఉంది. యతీమ్ ఆస్తిని అతని చేతికి ఎప్పుడు అప్పగించాలి? వయసు రావడంతోనే సరిపోదు, పరీక్షించి చూడాలి, అతనిలో “రుష్ద్” కనబడాలి. అంటే మంచీచెడూ, లాభనష్టాలూ తెలిసే తెలివి. ఆ తెలివి వచ్చేదాకా పక్కన ఒకరు నిలబడాలనేగా! మన రసూల్ (స) సంగతే తీసుకోండి. తాత అబ్దుల్ ముత్తలిబ్ పోయేనాటికి ఆయనకు ఎనిమిదేళ్లు. చేరదీసిన పెదనాన్న అబూ తాలిబ్ ఆయన సుమారు యాభైవ ఏట దాకా, తన ఊపిరి ఉన్నంతకాలం, మక్కా మొత్తం ఎదురు తిరిగినా వెనకాలే ఉన్నాడు. పద్దెనిమిదేళ్లకు సంచి సర్ది పంపలేదు.

ఈ పిల్లలకు కావలసింది పైసా ఒక్కటే అనుకుంటే పొరపాటు. వాళ్లకు లేనిది ఒక పేరు, ఒక చిరునామా. గది కిరాయికి అడిగితే మకాన్‌దార్ మొదటి సవాల్ “మీ నాన్న ఏం చేస్తాడు?” హాస్పిటల్లో సంతకానికి మనిషి కావాలి. ఉద్యోగానికి జమానత్ కావాలి. కులం సర్టిఫికేట్‌కు వెళ్తే వాలిద్ కాగితం కావాలి. మనవాళ్లలో చాలామందికి బీసీ-ఈ ఉందని తెలుసు. కానీ పదేళ్లలోపే తల్లిదండ్రులను పోగొట్టుకుని, చూసే దిక్కు లేక, సర్కారీ లేదా సర్కారు గుర్తింపు ఉన్న అనాథాశ్రమాల్లో పెరిగిన పిల్లలు బీసీ-ఏ కిందికి వస్తారని ఎంతమందికి తెలుసు? తెలిసినా, తహసీల్దార్ ఆఫీసు చుట్టూ నాలుగుసార్లు తిరిగే పెద్దమనిషి ఏడి?

జువెనైల్ హోమ్ నుంచి వచ్చినవాడి హాల్ ఇంకా అన్యాయం. చిన్నతనంలో చేసిన నేరం తర్వాత చదువుకు, కొలువుకు అడ్డు రాకూడదని అదే చట్టం 24వ సెక్షన్ చెప్తుంది. 16 దాటి, ఘోరమైన నేరంలో పెద్దవాళ్లతో సమానంగా విచారణ జరిగి తప్పు తేలినవాళ్ల లెక్క వేరు. మిగతావాళ్ల రికార్డు గడువు తర్వాత ధ్వంసం చేయాలి. సర్కారు కాగితం చింపినా, మొహల్లా మాత్రం ఆ రికార్డును నాలుక మీద భద్రంగా దాచుకుంటుంది. ఆటోనగర్‌లో లారీల షెడ్లు నడిపే భాయ్‌లు పనివాళ్లు దొరకట్లేదని వాపోతారు. ఈ పిల్లాడి పేరు చెప్పి చూడండి, వెంటనే “తౌబా తౌబా” అంటారు. ఐదు పూటలా మనం అల్లాహ్‌ను అడుక్కునేది మాఫీయే కదా సాబ్?

ఆడపిల్లల విషయంలో అయితే మనకు ఒకే జవాబు తెలుసు: నికాహ్ చేసెయ్యండి. షాదీ ముబారక్ 1,00,116 రూపాయలు ఎలా వస్తాయో మన మొహల్లాలో ప్రతివాళ్లకూ తెలుసు. ఆమె నర్సింగ్ చదవాలంటే ఫీజు ఎక్కణ్నుంచి తేవాలో ఒక్కరికీ తెలియదు. నికాహ్‌కు నేనేం ఖిలాఫ్ కాదు. కానీ మైకా లేని అమ్మాయిని చేతిలో చదువు కూడా లేకుండా అత్తింటికి పంపితే, రేపు కొట్టి తరిమితే ఆమె ఏ తలుపు తట్టాలి?

“ఇంట్లో ఆడపిల్లలున్నారు, నా-మహరమ్‌ను ఎలా పెట్టుకుంటాం?” అంటారు. ఎవరు పెట్టుకోమన్నారు? మీ ఇంటి చిరునామా ఇవ్వండి. కిరాయి అగ్రిమెంట్ మీద గవాహ్‌గా సంతకం పెట్టండి. వారానికోసారి ఫోన్ చేసి “తిన్నావా బేటా” అనండి. ఈద్ నాడు ముందు గదిలో దస్తర్‌ఖాన్ పరిచి కూర్చోబెట్టండి. ఆడపిల్ల అయితే మీ బేగం ఆ పని చూస్తారు.

మస్జిద్ కమిటీల సదర్ సాబ్‌లకు ఒక అర్జీ. చాలా మస్జిదుల పైఅంతస్తులో ఏడాదికి పదకొండు నెలలు తాళం పడి ఉండే గది ఒకటుంటుంది. విరిగిన కుర్చీలు, పాత చటాయిలు, ఇఫ్తార్ దేగ్‌లు. ఆ సామాను ఒక మూలకు జరిపితే ఇద్దరు పిల్లలు పరీక్షలు అయ్యేదాకా పడుకోవచ్చు. షాబాన్‌లో చందా పుస్తకాలు అచ్చు వేయించేటప్పుడు ఆ గది తాళం చెవి ఎవరి దగ్గరుందో కూడా కనుక్కోండి.