అందాకా ఒక పాట

మార్చి 8న మన జిల్లా కేంద్రాల్లో జరిగే ఏ సభకైనా వెళ్ళి చూడండి. పదిన్నరకని వేసిన సభ పదకొండున్నరైనా మొదలుకాదు. ముఖ్య అతిథి బయలుదేరారని ఒకసారి, దారిలో ఉన్నారని ఇంకోసారి కబురొస్తుంది. కుర్చీలు సగం ఖాళీగా ఉంటాయి. అప్పుడు మైకు పట్టుకున్న కార్యకర్త మా వైపు తిరిగి అంటుంది: "వచ్చేస్తున్నారు. అందాకా ఒక పాట పాడండమ్మా!"

మేం పాడతాం. రెండో చరణంలో ఉండగా గుమ్మం దగ్గర కలకలం మొదలవుతుంది. ఆపమని సైగ చేస్తారు. దిగిపోతాం. మర్నాటి పేపర్లోనూ, ఏడాది చివర సంస్థ వేసే నివేదికలోనూ మాట్లాడినవాళ్ళందరి పేర్లూ హోదాలతో సహా ఉంటాయి. మా వంతుకు "సాంస్కృతిక కార్యక్రమాలు జరిగాయి" అనే ఒక్క ముక్క మిగులుతుంది.

ఆ "అందాకా" గురించే నేను మాట్లాడదలుచుకున్నాను.

మేం నలుగురం. నేను ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెబుతాను, కీబోర్డు వాయిస్తాను. ఒకామె అంగన్‌వాడీ టీచరు. ఒకామె బట్టలు కుడుతుంది. నాలుగో ఆమె "ఇంటి దగ్గరే ఉంటుంది". అంటే మా అందరికన్నా ఎక్కువ పనిచేస్తుందని అర్థం. డోలక్ ఆమెదే. ఆదివారం మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా, ఇంట్లో మగవాళ్ళు భోంచేసి నిద్రపోయే వేళలో, మేం కలుస్తాం. అమ్మమ్మల దగ్గర నేర్చిన పెళ్ళిపాటలు, పాత సినిమా పాటలు, ఉద్యమంలో నేర్చుకున్నవి, సొంతంగా కట్టుకున్నవి పాడుకుంటాం. ఒకరు పల్లవి ఎత్తుకుంటే ఇంకొకరు దాన్ని పక్కదారి పట్టిస్తారు. డోలక్ నడక మారుతుంది. ఎక్కడో ఒకచోట నలుగురం కలుస్తాం. ఆ కలిసే క్షణం కోసమే వారమంతా ఎదురుచూస్తాం.

రికార్డు చేయడం కూడా ఇంట్లోనే. పడకగదిలో ఫ్యాను ఆపేస్తాం. బీరువా తలుపులు బార్లా తెరుస్తాం, వేలాడే చీరలు గదిలోని ప్రతిధ్వనిని మింగేస్తాయి కనుక. కిటికీకి దుప్పటి కడతాం. ముందు డోలక్, కీబోర్డు ఫోనులో ఎక్కించి, తర్వాత చెవుల్లో అవి వింటూ గొంతులు ఎక్కిస్తాం. డబ్బు కట్టనక్కరలేని అడాసిటీ అనే సాఫ్ట్‌వేర్‌లో వాటిని ఒకదానిమీద ఒకటి పేరుస్తాం. ఒక పాటకు మాకు ఐదు ఆదివారాలు పట్టింది. చేతకాక కాదు. ఒకరోజు ఒకామె ఇంటికి ఆడపడుచు వచ్చింది. ఒకరోజు పిల్లవాడికి జ్వరం. ఒకరోజు పాట సరిగ్గా కుదిరే సమయానికి పక్కగదిలోంచి "టీ పెట్టలేదా?" అని కేక. ఆ కేక రికార్డులో ఇప్పటికీ ఉంది. తీసెయ్యొద్దని డోలక్ ఆమె పట్టుబట్టింది.

మా తమ్ముడు కూడా ఇదే ఊళ్ళో గిటారు వాయిస్తాడు. రాత్రి పదకొండింటికి స్నేహితులతో కూర్చుంటాడు. వాడి గురించి ఇంట్లో చెప్పే మాట: "వాడికి సంగీతమంటే ప్రాణం." నా గురించి చెప్పే మాట: "దీనికింకా పాటల పిచ్చి పోలేదు." ఒకే తల్లి కడుపున పుట్టిన ఇద్దరి ఒకే అభిరుచికి రెండు పేర్లు!

ఇది మా ఒక్క ఇంటి కథ అనుకుంటే ఈ లెక్క చూడండి. జాతీయ గణాంక కార్యాలయం 2019లో జరిపిన కాలవినియోగ సర్వేలో, ఇంటిపని చేసే స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు జీతంలేని ఆ పనికి వెచ్చిస్తుంటే, చేసే పురుషులు వెచ్చిస్తున్నది 97 నిమిషాలని తేలింది. 2024 సర్వేలో అవి 289, 88. ఐదేళ్ళలో మనకు దక్కినది పది నిమిషాలు. మగవాళ్ళకు దక్కినది తొమ్మిది. "ఔత్సాహిక కళాకారుడు" అనే మాటలో ఉన్నది ఉత్సాహం ఒక్కటే కాదు. ఇంకెవరో వండిపెట్టి, పిల్లల్ని చూసి మిగిల్చి ఇచ్చిన సాయంకాలం కూడా అందులో ఉంది.

ఇక డబ్బు సంగతి. ఇంటి ఆడపిల్ల పాట పాడవచ్చు, డబ్బు మాత్రం పుచ్చుకోకూడదు అనే నియమం ఎక్కడినుంచి వచ్చింది? ఒకప్పుడు మన ప్రాంతంలో సభలో పాడి బతికిన స్త్రీలు కళావంతులు. వీరేశలింగంగారి కాలం నుంచి సాగిన సంస్కరణోద్యమం భోగం మేళాలను వెలివేసింది. 1947లో మద్రాసు రాష్ట్రంలో దేవదాసీ నిషేధ చట్టం వచ్చింది. ఆడపిల్లల్ని గుడికి అంకితం చేసే దురాచారం పోవలసిందే, అందులో రెండో మాట లేదు. కానీ ఆ స్త్రీల జీవనాధారం ఏమైంది? వాళ్ళ విద్య ఎవరి చేతుల్లోకి వెళ్ళింది? అదే పాట పెద్దకులాల ఇళ్ళలోకి చేరి పెళ్ళిచూపుల్లో ఆభరణమైంది. డబ్బు పుచ్చుకోకపోవడమే మర్యాదకు గుర్తు అయింది. అంటే మన పాట "ఉచితం" కావడం వెనుక, డబ్బు తీసుకుని పాడిన స్త్రీ చెడ్డది అనే పాత తీర్పు దాగి ఉంది. పాడినందుకు డబ్బు అడగడానికి ఈనాటికీ మన నాలుక తడబడటం అందుకే.

బెంగళూరు నాగరత్నమ్మ (1878–1952) ఆ తీర్పును ఒప్పుకోలేదు. ముద్దుపళని రాసిన 'రాధికా సాంత్వనము'ను 1910లో ప్రచురించి ప్రభుత్వ నిషేధాన్ని ఎదుర్కొన్న స్త్రీ ఆమె. తిరువయ్యారులో త్యాగరాజు సమాధి దగ్గర తన సొంత సొమ్ముతో గుడి కట్టించింది. అయినా అక్కడ జరిగే ఆరాధనలో ఆడవాళ్ళు పాడకూడదన్నారు. ఆమె స్త్రీలను కూడగట్టి వేరే ఆరాధన నడిపింది. 1940ల ఆరంభంలో వర్గాలు ఏకమయ్యాకే ఆ వేదిక స్త్రీలకు తెరుచుకుంది. తన డబ్బుతో కట్టిన గుడిముందు తాను పాడటానికి ఆమె అంత పోరాడవలసి వచ్చింది!

ఈనాటి పెళ్ళి ఆర్కెస్ట్రాలో పరిస్థితి ఏమిటి? నేను రెండేళ్ళు ఒక పార్టీతో తిరిగాను. ఆడగొంతు మామూలుగా ఐదు, ఐదున్నర శ్రుతిలో హాయిగా పలుకుతుంది, మగగొంతు ఒకటి, రెండు శ్రుతుల దగ్గర. కీబోర్డులో శ్రుతి మార్చడానికి ఒక మీట నొక్కితే చాలు. అయినా మగ గాయకుడి వీలునుబట్టి పెట్టిన శ్రుతిలోనే మేం గొంతు చించుకోవాలి, లేదా లోతుల్లో తడుముకోవాలి. కచేరీకి నాకు 800 రూపాయలిస్తే, పక్కన డ్రమ్స్ వాయించిన కుర్రాడికి 2,000. అడిగితే, "మీకు హాబీయే కదా మేడమ్, అతనికి సంసారముంది" అన్నారు. నా ఇంట్లో వండేది ఎవరి సంసారమో! రాత్రి ఒంటిగంటకు వ్యాను ముందు స్పీకర్లను భద్రంగా దింపి, తర్వాతే మమ్మల్ని ఇళ్ళకు చేర్చేది. ఆ వ్యానులో చీకట్లో ఎవరి చెయ్యి ఎక్కడికి వచ్చేదో మాలో ప్రతి ఒక్కరికీ తెలుసు. చెప్పుకుంటే ఇంట్లోవాళ్ళు చేసే మొదటి పని పాట మాన్పించడం. కాబట్టి ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. మానేశానంతే.

అప్పుడు నాకు తెలియనిది ఇప్పుడు చెబుతున్నాను. 2013 లైంగిక వేధింపుల నిరోధక చట్టం ఆఫీసుల్లో పనిచేసేవాళ్ళకే కాదు. దినకూలికి వచ్చినా, జీతం లేకుండా స్వచ్ఛందంగా వచ్చినా ఆ చట్టం దృష్టిలో మనం ఉద్యోగులమే. యజమాని ఏర్పాటు చేసిన వాహనం కూడా పనిస్థలమే. పదిమందికన్నా తక్కువమంది పనిచేసేచోట, లేదా ఫిర్యాదు యజమాని మీదే అయినప్పుడు, జిల్లాలోని స్థానిక కమిటీకి వెళ్ళవచ్చు. అలాగే 1994 సవరణతో కాపీరైటు చట్టంలో ప్రదర్శకుల హక్కులు చేరాయి, 2012 సవరణ వాటిని బలపరిచింది. పాడినవారి అనుమతి లేకుండా పాటను రికార్డు చేసి జనంలోకి వదలకూడదు. తన పేరు చెప్పమని అడిగే హక్కు పాడినామెకు ఉంది. చట్టం ఔత్సాహికులనీ వృత్తికళాకారులనీ విడదీయలేదు. విడదీస్తున్నది మనం.

అవును, మనమే. పెళ్ళి ఆర్కెస్ట్రాను తిట్టడం తేలిక. మన సంస్థల సంగతేమిటి? ఊళ్ళకు వెళ్ళి నాట్లేసే ఆడవాళ్ళ పాటలు ఫోనులో రికార్డు చేసుకుని వస్తాం. నిధులిచ్చేవాళ్ళకు చూపించే వీడియోకు వెనుక వినిపిస్తాం. పాడినామె పేరు రాసుకున్నామా? ఆమెను అడిగామా? 1990ల ఆరంభంలో నెల్లూరు జిల్లా అక్షరాస్యతా ఉద్యమంలో కళాజాతాలు ఊరూరా తిరిగాయి. వెంటనే వచ్చిన సారా వ్యతిరేకోద్యమంలో పాట ఊపిరైంది. 1993లో సారా నిషేధం సాధించామని గర్వంగా చెప్పుకుంటాం. ఆ పాటలకు అక్కడికక్కడ చరణాలు కట్టిన ఆడవాళ్ళ పేర్లు మనలో ఎందరు చెప్పగలం? 1940లలో మోటూరి ఉదయం ఆడవాళ్ళ బుర్రకథ దళాన్ని నడిపితే వేలమంది కూర్చుని విన్నారు. ఆ రోజుల్లో పాట సభకు ముందు గంట కొట్టడం కాదు, పాటే సభ.

"హత్యలూ అత్యాచారాలూ ఇన్ని జరుగుతుంటే మీకు పాటల గోలేమిటి?" అని ఒక మిత్రురాలు నన్ను అడిగింది. నిజమే, ప్రాణంతో పోల్చదగింది ఏదీ లేదు. కానీ ఆలోచించండి. స్త్రీకి తన సాయంకాలం మీద హక్కు లేదు, రాత్రి రోడ్డుమీద హక్కు లేదు, తన గొంతుకు వచ్చే డబ్బుమీద హక్కు లేదు, తన పేరుమీద హక్కు లేదు. మనం ఇన్నేళ్ళుగా పోరాడుతున్నవి ఇవే కదా? పాట దగ్గర అవన్నీ ఒక్కచోట కనిపిస్తాయి. హక్కులంటే బాధలు పడకుండా ఉండటమొక్కటే కాదు. సంతోషంగా ఉండే హక్కు కూడా హక్కే. దాన్ని తీరికగలవాళ్ళ విలాసమని మనమే కొట్టిపారేస్తే, ఆ తీరిక ఎప్పటికీ మగవాళ్ళ సొత్తుగానే మిగిలిపోతుంది.

మేం కోరేవి పెద్ద కోరికలేం కాదు. పాటను కార్యక్రమ పత్రంలో సమయంతో సహా వెయ్యండి, ముఖ్య అతిథి వచ్చినా మధ్యలో ఆపకండి. ఉపన్యాసకులకు దారిఖర్చులిచ్చినట్టే మాకూ ఇవ్వండి. నివేదికలో పేర్లు రాయండి. రికార్డు చేసేముందు అడగండి, చేశాక ఒక ప్రతి ఇవ్వండి. వారానికి ఒక సాయంత్రం సంస్థ ఆఫీసులో ఒక గది తెరిచి ఉంచండి. ఒక డోలక్, ఒక హార్మోనియం, పిల్లల్ని చూసే ఒక మనిషి ఉంటే చాలు. రాత్రి కచేరీకి వెళ్ళే ఆడవాళ్ళకు స్థానిక కమిటీ చిరునామా మీరే చెప్పండి.

వచ్చే మార్చి 8న కూడా మేం వస్తాం. అతిథి వచ్చేదాకా సభను కాపలా కాయడానికి మాత్రం కాదు. మేం పాడటం అయ్యేదాకా ఈసారి అతిథినే కూర్చోమనండి.