పాఠం చెప్పడం కూడా నేర్చుకోవాల్సిన పనే

మన వాడ పిల్ల పదో తరగతి దాకా తెలుగులో చదివి, కిందామీదా పడి మెడికల్ కాలేజీ గడప తొక్కుతుంది. ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ ల్యాబుల్లో ఆమె పక్కన నిలబడేది ఎప్పుడూ పెద్ద ప్రొఫెసరే కాదు. చాలాసార్లు పీజీ విద్యార్థో, రీసెర్చి స్కాలరో ఉంటారు. వాళ్లకు పరిశోధన నేర్పారు. పాఠం చెప్పడం ఎవరు నేర్పారు? మార్కులొచ్చినవాడికి బోధన దానంతటదే వస్తుందట! బడిపంతులుకు బి.ఎడ్. అడిగే సర్కారు, రేపటి డాక్టర్లకు చెప్పేవాళ్ల దగ్గర ఆ మాటే ఎత్తదా?

రూలు లేక కాదు. 2022లో యూజీసీ తెచ్చిన పీహెచ్‌డీ నిబంధనల ప్రకారం ఏ సబ్జెక్టు స్కాలరైనా బోధనలో శిక్షణ పొందాలి. వారానికి 4 నుంచి 6 గంటలు ట్యుటోరియల్, ల్యాబు, పేపర్లు దిద్దే పని అప్పగించవచ్చు కూడా. శిక్షణ ఎగ్గొట్టి పని మాత్రం అప్పగిస్తే దాన్ని మేం వెట్టి అంటాం.

శిక్షణంటే బొమ్మలు తెర మీద వేయడం కాదు. సికిల్ సెల్ జబ్బు పాఠమే తీసుకోండి. హిమోగ్లోబిన్ బీటా గొలుసులో ఆరో స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం బదులు వాలీన్ చేరుతుంది. ఇంత చెప్పి వదిలేస్తే బట్టీయే. ఆక్సిజన్ తగ్గితే ఎర్రకణం కొడవలిలా వంగి సన్నని నాళాల్లో ఇరుక్కుంటుంది, అందుకే ఆ నొప్పి అని చెప్పాలి. ఏజెన్సీ నుంచి వచ్చిన పిల్లకు ఆ నొప్పి ఇంట్లో చూసిందే కావచ్చు. అలాంటి పిల్ల నోరు తెరిచేలా అడగడం కూడా విద్యే.

ఇంకోటుంది. ఢిల్లీ ఎయిమ్స్‌లో ఎస్సీ, ఎస్టీ విద్యార్థుల గోడు విన్న థోరట్ కమిటీ 2007లో నివేదిక ఇచ్చింది. వాళ్లలో నూటికి 69 మంది టీచర్ల నుంచి తగిన తోడ్పాటు లేదన్నారు. ఆ టీచర్లూ ఒకప్పుడు పీజీలే, స్కాలర్లే. కులం చూసి వైవా అడగకూడదని, ర్యాంకు ఎత్తిపొడవకూడదని వాళ్లకు అప్పుడే నేర్పి ఉంటే?

అందుకే అడుగుతున్నాం. ప్రతి స్కాలరుకూ, పీజీకీ క్లాసులోకి పోకముందే శిక్షణ ఇవ్వాలి. అందులో కులవివక్ష మీద పాఠం ఉండాలి. మన స్కాలర్లకు గాజుసామాను కడిగే వంతే కాదు, బల్ల ముందు నిలబడి చెప్పే వంతూ సమానంగా రావాలి. చేసిన గంటలకు డబ్బు కట్టాలి.

కాలేజీల్లో ఉన్న మన పిల్లలారా, మీ విభాగంలో ఈ శిక్షణ జరుగుతున్నదా? రాతపూర్వకంగా అడగండి. సీటు సాధించుకున్నాం. ఇక పాఠాన్నీ సాధించుకుందాం.

జై భీమ్!