చివరి రోజుల చికిత్స: మాట తెలుగులో, కాగితం ఆసుపత్రి భాషలో

కోలుకునే ఆశ లేని రోగులు గౌరవంగా కన్నుమూసే హక్కుపై సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాలను అమలు చేస్తూ కర్ణాటక ఆరోగ్య శాఖ 2025 జనవరి చివరలో ఉత్తర్వు ఇచ్చింది. దీనికి ‘చనిపోయే హక్కు’ అనే పేరే ఎక్కువ ప్రచారమైంది. ఆ మాట చెవిన పడగానే మన ఇళ్ళలో ‘అపశకునం పలకకండి’ అంటారు. కానీ ముదిరిన కేన్సర్‌తో మనిషి ఉన్న ఇంటికి ఇది తప్పక తెలియాలి.

2018 మార్చి 9న ‘కామన్ కాజ్’ కేసులో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం లివింగ్ విల్‌కు చట్టబద్ధత ఇచ్చింది. తనకు స్పృహ లేని స్థితి వస్తే ఏ చికిత్స వద్దో మనిషి ముందుగా రాసిపెట్టే కాగితం ఇది. మొదట దానిపై మేజిస్ట్రేటు సంతకం కావాలన్నారు. ఆ తిప్పలు పడలేక రాసినవారు తక్కువ. 2023 జనవరి 24న కోర్టే నిబంధన సడలించింది. ఇప్పుడు ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేసి, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి చేత ధ్రువీకరింపజేస్తే చాలు. తన తరఫున నిర్ణయం చెప్పవలసిన వారి పేర్లు అందులో రాయాలి. ఒకరి కంటే ఎక్కువ మందిని పెట్టుకోవచ్చు.

ఇంజెక్షన్ ఇచ్చి ప్రాణం తీయడం నేటికీ నేరమే. లివింగ్ విల్ అది కాదు. వెంటిలేటర్ వద్దన్నంత మాత్రాన నొప్పి మందు ఆపరు. మార్ఫిన్, ఆయాసానికి మందు, పుండ్లకు కట్టు అన్నీ సాగుతాయి. బెంగళూరు కరుణాశ్రయలో కేన్సర్ రోగులకు ఈ ఉపశమన సేవ ఉచితం. రోగికి తెలివి ఉన్నంతకాలం ఆయన నోటి మాటే చెల్లుతుంది. రాసినదాన్ని ఎప్పుడైనా రాతపూర్వకంగా రద్దు చేసుకోవచ్చు. చికిత్స ఆపాలంటే రెండు వైద్య బోర్డులు ఒప్పుకోవాలి. ఒక్కో బోర్డు 48 గంటల్లో అభిప్రాయం చెప్పడం మంచిదని కోర్టు అన్నది. కనుక ఆస్తి కోసం ఎవరో ఒక కొడుకు చేయించగలిగే పని కాదిది.

ఇక మన సంగతి. కోలారులోనో బళ్ళారిలోనో తరాలుగా ఉన్నా, ఒంట్లో బాగాలేనప్పుడు పెద్దలకు నోట వచ్చేది తెలుగే. డాక్టరు కన్నడంలోనో ఇంగ్లీషులోనో చెబుతారు. మధ్యలో కొడుకు ‘ఏం లేదమ్మా, తగ్గిపోతుంది’ అని తర్జుమా చేస్తాడు. తీరా ఒక అర్ధరాత్రి ఐసీయూ బయట సంతకం పెట్టవలసింది ఆ కొడుకే. దూరాన ఉన్న మరో బిడ్డ ఫోనులో ‘ఎంత ఖర్చయినా పెట్టండి’ అంటాడు. అమ్మకు ఏం కావాలో ఇద్దరికీ తెలియదు. అడిగినవారే లేరు.

అందుకే ముందు మాట ఇంట్లో, తెలుగులో జరగాలి. ‘నీకు దేనికి భయం? నొప్పికా, ఊపిరి ఆడకపోవడానికా? చివరికి ఇంట్లో ఉండాలనా, ఆసుపత్రిలోనా? నీ తరఫున ఎవరు చెప్పాలి?’ ఈ నాలుగూ అడిగితే చాలు. కాగితం మాత్రం ఆసుపత్రివారు చదవగల కన్నడంలోనో ఇంగ్లీషులోనో ఉండాలి. సంతకానికి ముందు దాన్ని తెలుగులో చదివి వినిపించాలి. సాక్షులు వారసులు కానివారైతే మేలు. నకళ్ళు పేర్లున్నవారికి, ఇంటి డాక్టరుకు, స్థానిక సంస్థలో నియమించిన అధికారికి ఇవ్వాలి. బీరువాలో దాచిన కాగితం ఐసీయూ దాకా రాదు.

సుప్రీంకోర్టు ఆదేశం దేశమంతటికీ వర్తిస్తుంది. చెన్నై, బరంపురం, షోలాపూర్, యానాంలోని మనవారికీ అంతే. ప్రభుత్వాలు నమూనా పత్రాన్ని భాషా అల్పసంఖ్యాకుల భాషల్లోనూ ఇవ్వాలని మన సంఘాలు వినతిపత్రాలు పెట్టాలి. అది వచ్చేదాకా చదివి వినిపించడానికి, సాక్షిగా నిలబడడానికి రిటైరైన మనవారు ప్రతి ఊరిలో ఉన్నారు. ఉగాది సభకు వేదిక కట్టగలిగిన సంఘానికి ఇది పెద్ద పని కాదు.