దుప్పుల కోసం అక్కడ చెట్లు నాటుతున్నారు, మరి మన గట్ల మీద ఎవరి కోసం నాటుదాం?

దాళ్వా నూర్పులు అయిపోయాయి, కాలువలు కట్టేశారు. సార్వా నారుమళ్ళ దాకా కాస్త ఖాళీ కాబట్టి కొంచెం పెద్ద పోస్టే పెడుతున్నాను.

మొన్న మా మేనల్లుడు అమెరికా నుంచి వీడియో కాల్ చేసి, వాళ్ళ ఊరి పక్కన ఒక ఆసామి పొలం చూపించాడు. వరసగా మొక్కలు, ఒక్కోదానికి ప్లాస్టిక్ గొట్టం తొడిగి ఉంది. ఏం తోటరా అంటే, "చెస్ట్‌నట్ మావయ్యా, ఆ పక్కవి ఆపిల్, పెర్సిమన్. మనుషులకి కాదు, దుప్పులకి" అన్నాడు. దుప్పులు రావాలని మొక్కలు నాటి, ఆ మొక్కల్ని దుప్పులే కొరికెయ్యకుండా గొట్టాలు తొడిగారన్నమాట! నాకు నవ్వాగలేదు.

నవ్వినా ఆ రాత్రి వాడు చెప్పింది ఆలోచిస్తే అందులో తెలివి కనిపించింది. అక్కడ వేట లైసెన్సు మీద చట్టబద్ధం, అందుకని దుప్పులు తమ పొలంలోకి రావాలని చూస్తారు. పూర్వం అక్కడి అడవుల్లో చెస్ట్‌నట్ చెట్లు విపరీతంగా ఉండేవి. 1904లో న్యూయార్క్‌లో ఒక బూజు తెగులు కనపడింది. అక్కణ్ణుంచి యాభై ఏళ్ళలో మూడు నాలుగు వందల కోట్ల చెట్లు పోయాయి. మిగిలిన ఓక్ చెట్టు ఒక ఏడు విరగకాస్తుంది, మరుసటేడు మొహం చాటేస్తుంది, మన మామిడి లాగే. అందుకని వీళ్ళు తెగులు తట్టుకునే చెస్ట్‌నట్ రకాలు, ఆపిల్, పెర్సిమన్ కలిపి నాటుతున్నారు. ఒకటి రాలడం అయిపోయేసరికి ఇంకోటి రాలాలి. తిండి తెగకుండా ఉంటే దుప్పి ఆ పొలం వదలదు. ఇదీ కిటుకు.

ఈ సంగతి టీ కొట్టు దగ్గర చెబితే, "మెట్టలో మనం కూడా వేస్తే దుప్పులొస్తాయేమో" అన్నాడు మా వాడొకడు. బాబూ, ఆ ముచ్చట వద్దు. దుప్పులు, కణుతులు పాపికొండల అడవుల్లో ఉన్నాయి. వాటికి కావలసిన ఉసిరి, నేరేడు, ఇప్పపువ్వు అక్కడే రాలతాయి. వాటిని అక్కడ ఉండనిద్దాం. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం వాటి మీద చెయ్యి వెయ్యడానికి లేదు, అది సరైనదే కూడా. కానీ పంటలో పడితే ఏమవుతుందో తెలంగాణలో నారాయణపేట జిల్లా కృష్ణా మండలం రైతుల్ని అడగండి. కృష్ణజింకల మందలు మొలక మీద పడుతుంటే రాత్రీ పగలూ కాపలా కాస్తున్నారు వాళ్ళు. మన రాష్ట్ర జంతువు కూడా కృష్ణజింకే. రాష్ట్ర పక్షేమో 2018 నుంచి రామచిలుక. మొక్కజొన్న వేసినవాళ్ళకి ఆ రెండో గౌరవం సంగతి బాగా తెలుసు!

దుప్పి సంగతి అలా ఉంచండి. తిండి తెగకుండా చూస్తే ప్రాణి నిలుస్తుందన్న కిటుకు మనకీ పనికొస్తుంది. మనకి కావలసింది పిట్టలు. గోరింక పళ్ళు తింటుంది నిజమే, కానీ పిల్లలకి పెట్టేది పురుగులు, మిడతలు. దమ్ము చేసేటప్పుడు ట్రాక్టరు వెనకాల నడిచేది కొంగలు, గోరింకలే కదా. ఏట్రింత, అదే మన పసులపోలిగాడు, కూర్చోడానికి ఒక కొమ్మ ఉంటే చాలు, చేలో ఎగిరే పురుగుని గాల్లోనే పట్టేస్తుంది. వ్యవసాయ శాఖ వాళ్ళు పురుగు ఉధృతికి చేలో పక్షి స్థావరాలు పెట్టమంటారు. అంటే కర్ర పాతి పైన అడ్డకర్ర కట్టమని. ఉన్న చెట్లు నరికేసి కర్రలు పాతుకుంటున్నాం చూడండి.

ఇక ఎలుకలు. పొట్ట దశలో ఒక్క రాత్రికి మడి మధ్య గుండ్రంగా కోసేస్తే ఆ బాధేంటో ఇక్కడ అందరికీ తెలుసు. బుట్టలు పెట్టేవాళ్ళకి డబ్బులిస్తాం, బ్రోమోడయోలిన్ పెడతాం. ఆ మందు తిన్న ఎలుక వెంటనే చావదు, కొన్నాళ్ళు మత్తుగా తిరుగుతుంది. దాన్ని తిన్న గుడ్లగూబ కూడా పోవచ్చు. రాత్రిపూట కూలి అడక్కుండా ఎలుకల్ని పట్టేది గుడ్లగూబే. మలేషియాలో ఆయిల్ పామ్ తోటల్లో ఎలుకల కోసం గుడ్లగూబలకి చెక్కపెట్టెలు కట్టి గూళ్ళు ఏర్పాటు చేశారు. మనమేమో చావుపిట్ట అని రాళ్ళేసి కొడతాం. దానికి పండు అక్కర్లేదు, తొర్ర ఉన్న పాత చెట్టు కావాలి. పాత తాడి మోడు నరికేముందు ఒకసారి పైకి చూడండి.

ఇప్పుడు నా తప్పు నేను చెప్పాలి. మా చేను గట్టు మీద మా నాన్న నాటిన నేరేడు చెట్టు ఉండేది. గట్టు అవతలి ఆసామి ప్రతి దాళ్వాకీ నీడ పడి కంకి తాలు పోతోందని గొడవ. ఏటా మాటా మాటా అనుకోవడం ఎందుకని కొట్టించేశాను. కలప డబ్బులు కొట్టిన కూలికీ, ఆ పూట టిఫిన్లకీ సరిపోయాయి. చెట్టు పోయినందుకే ఎలుకలు పెరిగాయని నేను ప్రమాణం చెయ్యలేను, కారణాలు వంద ఉంటాయి. కానీ ఆయన చెప్పింది మాత్రం అబద్ధం కాదు. దాళ్వాలో సూర్యుడు దక్షిణంగా ఉంటాడు కాబట్టి నీడ ఉత్తరానికి పడుతుంది. నా ఉత్తరపు గట్టు మీద చెట్టంటే నీడ ఆయన చేలోనే. ఆయన పంట తగ్గి, నేను పళ్ళు తినడం న్యాయం కాదు కదండీ. కాబట్టి చెట్టు వేస్తే, చేనికి ఉత్తరాన రోడ్డో, డ్రెయినో ఉన్నచోట వెయ్యాలి. లేదంటే నీడ మన చేలోనే పడేలా మన దక్షిణపు గట్టు మీద వేసి, ఆ రెండు కుంచాల గింజ మనమే వదులుకోవాలి. డ్రెయిను గట్టయితే పంచాయతీతో, ఇరిగేషన్ వాళ్ళతో మాట్లాడాలి, తూముల పక్కన మర్రి, రావి అసలు పెట్టకూడదు, వేళ్ళు సిమెంటుని చీల్చేస్తాయి.

ఏ చెట్లంటే, అమెరికా వాళ్ళ లాగే నెలలు చూసుకుని. సంక్రాంతికి రేగు. (భోగిపళ్ళకి కూడా రేగుపళ్ళు కొనుక్కుంటున్నాం ఇప్పుడు, సిగ్గుచేటు.) ఎండలు మొదలయ్యేసరికి సీమచింత. ఆ తర్వాత ఈత, నేరేడు, వేపపళ్ళు. మేడికైతే కాలంతో పెద్ద పనిలేదు. రోడ్ల మధ్య కోనోకార్పస్ పెట్టి పచ్చదనం అంటున్నారు గానీ, పిట్టకి తినడానికి దాని మీద ఒక్క పండు లేదు.

కోతులొస్తాయంటారని తెలుసు. తెలంగాణలో హరితహారంలో కోతుల కోసమే అడవుల్లో పండ్ల చెట్లు పెట్టారు, ఊళ్ళోంచి అటు వెళ్తాయని. ఆలోచన మంచిదే. కానీ చెట్టు కాపుకి రావడానికి ఏళ్ళు పడుతుంది, కోతికి ఈ పూటే మన వంటింట్లో అరటిపళ్ళు కనపడుతున్నాయి. కాబట్టి ఇప్పటికే కోతుల బెడద ఉన్న ఊళ్ళో ఇంటి దగ్గర వెయ్యమని నేను చెప్పను. అలాగే రొయ్యల చెరువుల వాళ్ళకీ చెప్పను. పిట్ట ఒక చెరువులో రొయ్య ఎత్తుకెళ్ళి ఇంకో చెరువులో పడేస్తే జబ్బు కూడా వస్తుంది, వాళ్ళ భయం వాళ్ళది.

అయినా చెట్టు లేకపోతే ఏమవుతుందో మన పక్కనే ఉంది, కైకలూరు దగ్గర ఆటపాక వెళ్ళి చూడండి. 1946లో పక్షి శాస్త్రవేత్త కె.కె. నీలకంఠన్ కొల్లేరు ప్రాంతంలో సుమారు 3000 గూడబాతులు గూళ్ళు పెట్టుకోవడం చూశారు. 1975 ప్రాంతానికి అవి ఆ చోటు వదిలేసి వెళ్ళిపోయాయి. ఇప్పుడు ఆటపాకలో గూడబాతులు మళ్ళీ గూళ్ళు పెడుతున్నాయి, సంతోషం. కానీ చాలా గూళ్ళు ఉన్నది అటవీ శాఖ నీళ్ళలో పాతించిన ఇనప స్టాండ్ల మీద. పిల్లల్ని తీసుకెళ్తే మా మనవరాలు "తాతా, ఈ చెట్లకి ఆకులేవి?" అంది.

ఈ ఏడు మృగశిర కార్తెకి రోడ్డు వైపు గట్టు మీద రెండు నేరేడు, నాలుగు రేగు పెడుతున్నాను. అవతలి ఆసామికి ముందే చెప్పాను, సరేనన్నాడు. మా చెల్లెలి ఇంటి దగ్గర చెట్టు నేరేడు గింజలు జూన్‌లో తెస్తాను, కావలసినవాళ్ళు కామెంట్లో చెప్పండి. ఒక్కటే మాట, తెచ్చుకున్న వారంలోపే కవర్లలో వేసెయ్యండి, ఎండబెట్టి దాచితే మొలవవు.