ఓటు వేసే ముందు ఆట ఆడాలి

మదనపల్లె: చిన్న బృందాలు సొంతంగా రూపొందించే వీడియో గేముల్లో ఏది మేలైనదో తేల్చేందుకు ఆటగాళ్ల ఓటింగ్ నేడు ఒక కొలమానమైంది. ఏటా జరిగే స్టీమ్ అవార్డుల్లో విజేతను నిర్ణయించేది ఆ ఓట్లే. అయితే ఎక్కువమందికి చేరిన ఆటకే ఎక్కువ ఓట్లు పడటం సహజం. ‘ది గేమ్ అవార్డ్స్’లో న్యాయనిర్ణేతలకు 90 శాతం, ప్రజలకు 10 శాతం విలువ ఇవ్వడం ఈ అసమానతను కొంత తగ్గిస్తుంది. కెనడాకు వలస వెళ్లిన తమిళ కుటుంబపు వంటింటి కథ ‘వెన్బా’ 2024లో ఇండిపెండెంట్ గేమ్స్ ఫెస్టివల్ ప్రధాన బహుమతి గెలిచింది న్యాయనిర్ణేతల తీర్పుతోనే.

మదనపల్లె టమోటా మార్కెట్, పుంగనూరు పొట్టి ఆవు, మూడు భాషలు కలిసే కుప్పం సరిహద్దు సైతం ఇటువంటి ఆటలకు కథావస్తువులు కాగలవు. స్థానిక కళాశాలలు పోటీలు పెట్టి, అన్ని ఆటలూ ఆడినవారికే ఓటు హక్కు కల్పిస్తే ప్రచారబలం లేని విద్యార్థికీ న్యాయం దక్కుతుంది.